వరద తర్వాత బాలింతలకు సాయం: డబ్బు ఎటు పంపితే వాళ్ల చేతికి అందుతుంది?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు విజయవాడ మీద పడింది. సింగ్ నగర్, రాజరాజేశ్వరి పేట, పాయకాపురం, వాంబే కాలనీ, కండ్రిక, నందమూరి నగర్ నీళ్లలో ఉన్నాయి. మరుసటి రోజుకు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు. అటు ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చేసింది.

మేముండేది హైదరాబాద్. ఆ సాయంత్రానికే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చందాల లిస్టు మొదలైంది. నాలుగు రోజుల్లో ఒక వ్యాన్ నిండింది. బియ్యం, దుప్పట్లు, బిస్కెట్లు, పాత చీరలు, వాటితో పాటు చంటిపిల్లల కోసమని ప్రత్యేకంగా కొన్న ఇరవై పాలపొడి డబ్బాలు, ఇరవై పాలసీసాలు. వ్యాన్‌తో పాటు నేనూ వెళ్లాను. సరుకు దించుతుంటే ఒక ఏఎన్ఎం (కాన్పులు, టీకాలు చూసే ప్రభుత్వ నర్సు) గారు వచ్చి, ఆ డబ్బాలు చూసి, "ఇవి దించకండమ్మా, వెనక్కి పట్టుకెళ్లండి" అన్నారు. నాకు కోపం వచ్చింది. అంత దూరం తెస్తే ఇదా మర్యాద అనుకున్నాను. ఆవిడ ఎందుకలా అన్నారో తెలిసాక కోపం పోయి సిగ్గేసింది. ఆ సంగతి సరుకుల దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

తుఫానో వరదో వచ్చినప్పుడు మనకు కనిపించే దారులు ఆరు. ముఖ్యమంత్రి సహాయనిధి. రెడ్‌క్రాస్ లాంటి పెద్ద సంస్థ. ఆ ఊళ్లోనే ఉన్న చిన్న మహిళా సంస్థ, లేదా డ్వాక్రా సంఘం. మనమే సరుకులు పట్టుకెళ్లడం. తెలిసిన కుటుంబానికి నేరుగా డబ్బు పంపడం. ఆన్‌లైన్ చందాల వేదిక. మామూలుగా సాయం చేయాలనుకుంటే ఇందులో ఏదైనా పర్వాలేదు. కానీ "నా డబ్బు ముఖ్యంగా బాలింతలకు, చూలాళ్లకు, చంటిబిడ్డలున్న ఇళ్లకు అందాలి" అనుకుంటే మాత్రం ఈ ఆరూ ఒకటి కాదు. చాలా తేడా ఉంది.

బాలింత లెక్కలోకి ఎందుకు రాదు

మన దగ్గర తొలికాన్పు పుట్టింట్లోనే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని తీసుకొస్తారు. పురుడు పోసి, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక సారె పెట్టి పంపిస్తారు. ఈ మధ్యలో వరద వచ్చిందనుకోండి. ఆ అమ్మాయి ఎవరి మనిషి? రేషన్ కార్డులో పేరు ఎక్కడో అత్తగారి ఊళ్లో ఉంటుంది. లేదా పుట్టింటి కార్డులోంచి తీసేసి ఉంటారు, అత్తింటి కార్డులో ఇంకా ఎక్కి ఉండదు. బిడ్డకు ఆధార్ ఉండదు, ఒక్కోసారి పేరే ఉండదు.

ప్రభుత్వ సాయం ఇంటి లెక్కన వస్తుంది. విజయవాడలో నీట మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్లకు 10,000 ప్రకటించారు. చిన్న మొత్తమేం కాదు. కానీ ఒక ఇంటికి ఒక మొత్తం. ఆ ఇంట్లో ఇరవై రోజుల పసికందు ఉన్నా అంతే, లేకపోయినా అంతే. ఆ డబ్బు ఇంటి పెద్ద ఖాతాలో పడుతుంది. గ్యాస్ పొయ్యి, మంచం, తడిసిన ఆటో ఇంజను, పాత అప్పు, ఇవన్నీ అయ్యాక బాలింత దాకా ఏం మిగులుతుంది? సర్వేకి వచ్చినవాళ్ల తప్పేం లేదు. వాళ్ల ఫారంలో ఆ గడి లేదు, అంతే.

తిండి సంగతి ఇంకొకటి. మొదటి రోజుల్లో పడవల్లో, డ్రోన్లలో, హెలికాప్టర్లలో పొట్లాలు వచ్చాయి. నిజంగా పెద్ద పనే. కానీ మన దగ్గర ఎక్కడ వరదొచ్చినా పొట్లం అంటే పులిహోర. త్వరగా పాడవదు, పంచడం తేలిక. పచ్చి బాలింతకు మాత్రం ఏ ఇంట్లోనూ చింతపండు పులుపు పెట్టరు. మన పథ్యాల్లో కొన్నిటికి డాక్టర్లు ఒప్పుకోరు, నిజమే. పులుపు తింటే బిడ్డకేదో అయిపోతుందనడానికి ఆధారం లేదు. అయినా తల్లి పక్కన ఆమె అమ్మ, అమ్మమ్మ కూర్చుని ఉంటారు. వరద మధ్యలో వాళ్లతో వాదన పెట్టుకునే ఓపిక ఎవరికుంటుంది? పొట్లం పక్కన పెట్టి బిస్కెట్లతో సరిపెట్టుకుంటుంది. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి, ఎక్కువ నీళ్లు కావాల్సిన సమయమది.

ఇంకో రకం తల్లులున్నారు. వీళ్ల గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. తెలంగాణలో అది 23.5 శాతం. అంటే ఏ వరద కాలనీలోనైనా పదిహేడేళ్ల తల్లి ఉండే అవకాశం ఉంది. ఎవరైనా పేరు రాసుకోవడానికి వస్తే ఆ ఇంటివాళ్లు ఆమెను లోపలికి పంపేస్తారు. వయసు బయటపడితే కేసవుతుందని భయం. అందరికంటే ఎక్కువ సాయం కావాల్సిన మనిషి అందరికంటే బాగా దాక్కుని ఉంటుంది.

అందుకే నేను సంస్థ పేరు, దాని వెబ్‌సైట్, అందులో ఫొటోలు చూసి తేల్చుకోవడం మానేశాను. ఒకటే అడుగుతాను: ఆ వీధిలో బాలింతలెవరో మీకెలా తెలుస్తుంది? ఆ పేర్లు నిజంగా ఉండేది ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీ టీచరు దగ్గర, ఏఎన్ఎం దగ్గర. ఎవరికి ఎన్నో నెల, ఎవరు పుట్టింటికి వచ్చారు, ఎవరికి రక్తం తక్కువ, ఎవరి బిడ్డ బరువు పెరగట్లేదు, అన్నీ వాళ్ల రిజిస్టర్లో ఉంటాయి. రిజిస్టరు తడిసిపోయినా తలలో ఉంటాయి. ఏ దారిలో డబ్బు ఈ ముగ్గురిలో ఒకరి దాకా వెళుతుందో అదే బాలింతకు దగ్గర దారి.

ముఖ్యమంత్రి సహాయనిధి

నమ్మకం విషయంలో దీనికి సాటి లేదు. దొంగ లింకుల భయం లేకుండా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే కట్టొచ్చు. పాత పన్ను పద్ధతిలో రిటర్న్ వేసేవాళ్లకు ఆదాయపు పన్ను చట్టంలోని 80జి కింద నూటికి నూరు శాతం మినహాయింపు దొరుకుతుంది. కొత్త పద్ధతిలో ఉన్నవాళ్లకు ఏ విరాళానికీ ఈ మినహాయింపు లేదు. చాలామంది ఉద్యోగులు కొత్త పద్ధతికి మారిపోయారు కాబట్టి రసీదు దాచుకునే ముందు తాము ఏ పద్ధతిలో ఉన్నారో చూసుకోవాలి.

లోటు ఒకటే. మనం ఇచ్చిన డబ్బు ఫలానా వాళ్లకు వెళ్లాలని చెప్పలేం. మామూలు రోజుల్లో ఈ నిధిలో ఎక్కువ భాగం పేదల ఆసుపత్రి బిల్లులకు పోతుంది. వరదప్పుడు ఇంటి లెక్కన సాయానికి తోడవుతుంది. కంపెనీ తరఫున పెద్ద మొత్తం ఇవ్వాలన్నా, సంస్థలను వాకబు చేసే తీరిక లేకపోయినా కళ్లు మూసుకుని దీనికే ఇవ్వండి. బాలింతల కోసమే అయితే ఇది నా మొదటి ఎంపిక కాదు.

పెద్ద సంస్థలు

రెడ్‌క్రాస్ బలం ముందే సిద్ధంగా ఉండటంలో ఉంది. టార్పాలిన్లు, గిన్నెలు, దుప్పట్లు గోదాముల్లో పెట్టుకుని ఉంటారు. పిలుపు రాగానే కుటుంబానికో కిట్ చొప్పున దించగలరు. గూంజ్ దారి వేరు. 1999లో అంశు గుప్తా మొదలుపెట్టిన సంస్థ. పట్నాల్లో వాడేసిన బట్టలను ఏరి, శుభ్రం చేసి, పనికొచ్చేలా మార్చి పల్లెలకు పంపుతారు. నూలు బట్టలను ఉతికి ఆడవాళ్ల నెలసరికి వాడే గుడ్డలుగా కుట్టిస్తారు. విపత్తు తర్వాత కాన్పయిన తల్లికి ఇదెంతో అవసరం, కానీ మగవాళ్ల చందాల లిస్టుల్లో నేనెప్పుడూ చూడలేదు. యూనిసెఫ్‌కు హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక మూడూ అక్కడి నుంచే చూస్తారు. వాళ్ల పని ఎక్కువగా ప్రభుత్వ శాఖలతో కలిసి సాగుతుంది. ఇంటికెళ్లి కిట్ ఇవ్వడం తక్కువ.

పెద్ద సంస్థల మీద మనవాళ్ల ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: "సగం జీతాలకే పోతుంది." ఈ మాట నేనూ అన్నదాన్నే. ఇప్పుడు అనను. కాలనీలో బురదలో నడుస్తూ ఏ ఇంట్లో ఎన్ని రోజుల బిడ్డ ఉందో రాసుకొచ్చే అమ్మాయికి జీతం ఇవ్వాలి కదా? ఆ జీతం లేకపోతే కిట్లు వీధి మొదట్లోనే, చెయ్యి చాపగలిగినవాళ్లకే అయిపోతాయి. పది రోజుల బిడ్డను ఒళ్లో పెట్టుకున్న మనిషి లారీ వెనక పరిగెత్తలేదు. కాబట్టి ఖర్చుల శాతం అడిగే బదులు, ఆ ఖర్చులో మనుషుల మీద పెట్టింది ఎంత, వాళ్లలో ఆడవాళ్లు ఎంతమంది అని అడగండి.

ఊళ్లోని మహిళా సంస్థ, డ్వాక్రా సంఘం

నా ఓటు ఇటే. అయితే కళ్లు తెరుచుకుని.

ఆడవాళ్లతో ఏళ్ల తరబడి పనిచేస్తున్న సంస్థలు మన ఊళ్లలో చాలానే ఉన్నాయి. విజయవాడలో వాసవ్య మహిళా మండలి 1969 నుంచి ఉంది. ఇలాంటి చోట పనిచేసేవాళ్లకు కాలనీ పేరు చెప్తే సందు పేరు చెప్తారు. ఆశా కార్యకర్త ఫోన్ నంబరు వాళ్ల దగ్గర వరదకు ముందే ఉంటుంది. పదిహేడేళ్ల తల్లి తలుపు తీసేది ఇలాంటివాళ్లు వచ్చినప్పుడే. ఎందుకంటే వచ్చినావిడ ముఖం ఆ అమ్మాయి అంతకుముందు చూసి ఉంటుంది.

చిన్న సంస్థను ఎంచుకోవాలంటే కొంచెం కష్టపడాలి. స్వచ్ఛంద సంస్థల వివరాలుండే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో సంస్థ పేరు కొట్టి చూడండి. పన్ను మినహాయింపులకు కావాల్సిన 12ఏ, 80జి రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో తెలుస్తుంది. విరాళమిచ్చాక ఉత్త రసీదు సరిపోదు, 10బీఈ సర్టిఫికెట్ ఇస్తారా అని అడగండి. అది లేకపోతే పన్ను మినహాయింపు రాదు. ఇలాంటి సంస్థలకు ఇచ్చిన దాంట్లో సాధారణంగా సగానికే మినహాయింపు, దానికీ ఆదాయాన్ని బట్టి పరిమితి ఉంటుంది. రెండు వేలు దాటితే నగదుగా ఇవ్వకండి, పన్ను లెక్కలోకి రాదు.

కాగితాలన్నీ చూశాక ఒక ఫోన్ చేయండి. నేనడిగేవి ఇవి: ఆ కాలనీలో మీరు వరదకు ముందు పనిచేశారా? లిస్టు ఎవరు రాస్తున్నారు? వేరే ఊరి కార్డున్న అమ్మాయికి ఇస్తారా? మూడు నెలల తర్వాత కూడా వెళతారా? నాలుగో ప్రశ్నకు చాలామంది కాసేపు ఆగుతారు. ఆ ఆగడం తప్పేం కాదు. "డబ్బుంటే వెళతాం" అన్నవాళ్లను నేను నమ్ముతాను. "తప్పకుండా మేడమ్, ఫొటోలు కూడా పంపిస్తాం" అన్నవాళ్ల దగ్గర కొంచెం జాగ్రత్త పడతాను.

డ్వాక్రా సంఘాల సంగతి. వాళ్లకు బ్యాంకు ఖాతా ఉంటుంది, తీర్మానాల పుస్తకం ఉంటుంది, నెలనెలా కూర్చునే అలవాటుంటుంది. పదిమంది ఎదురుగా లెక్క చెప్పాలి కాబట్టి డబ్బు దారి తప్పడం అంత తేలిక కాదు. తెలిసిన సంఘం ఉంటే, ఆ వీధిలో ఐదారుగురు బాలింతలకు నెల రోజుల తిండి ఏర్పాటు చేయమని యాభై వేలు ఇచ్చినా బాధ్యతగా చేస్తారు. లోటేమిటంటే, సంఘంలో ఉండేది ఎక్కువగా ఆ ఊళ్లో స్థిరపడిన, పెళ్లయి చాన్నాళ్లయిన ఆడవాళ్లు. అద్దెకున్నవాళ్లు, ఒడిశా నుంచో బీహార్ నుంచో పనికొచ్చినవాళ్లు, కొత్త కోడళ్లు, పురిటికొచ్చిన కూతుళ్లు సభ్యులు కారు. "సభ్యులకే కాదు, అంగన్‌వాడీ టీచరు చెప్పిన పేర్లకు" అని డబ్బు ఇచ్చేటప్పుడే ఒక కాగితం మీద రాయించుకుంటే ఆ చిక్కు తీరుతుంది.

సరుకులు పట్టుకెళ్లడం, పాలపొడి కథ

ఇప్పుడు ఏఎన్ఎం గారి మాట. మన దేశంలో 1992 నుంచి ఒక చట్టం ఉంది. దాని ప్రకారం తల్లిపాలకు బదులు వాడే పాలపొడిని గానీ, పాలసీసాలను గానీ ఎవరూ దానంగా పంచకూడదు. అనాథాశ్రమాలకు ఇవ్వొచ్చు. పాలివ్వలేని, కొనుక్కోలేని తల్లికైతే ఆరోగ్య సంస్థ ద్వారా ఇవ్వొచ్చు. మనలాంటివాళ్లు వ్యాన్‌లోంచి చేతులు చాపినవాళ్లకల్లా ఇవ్వడం తప్పు. ఇరవై డబ్బాలతో హైదరాబాద్ నుంచి బయల్దేరిన మా పదిమందిలో ఒక్కరికీ ఈ చట్టం ఉందనే తెలియదు. అందులో ఇద్దరు లాయర్లు.

చట్టం ఎందుకు పెట్టారంటే దాని వెనక పిల్లల ప్రాణాలున్నాయి. పాలపొడి కలపాలంటే కాచిన నీళ్లు కావాలి. సీసా, దాని పీక మరగబెట్టాలి. గ్యాస్ బండ నీళ్లలో తేలుతుంటే, తాగే నీళ్లే సీసాల లెక్కన వస్తుంటే ఎక్కడ మరగబెడతారు? 2006 మేలో ఇండోనేషియాలోని యోగ్యకర్త భూకంపం తర్వాత లెక్కలు తీశారు. దానంగా వచ్చిన పాలపొడి అందిన పిల్లల్లో విరేచనాలు 25.4 శాతం మందికి, అందని పిల్లల్లో 11.5 శాతం మందికి. రెట్టింపు కంటే ఎక్కువ.

"భయానికి తల్లికి పాలు ఎండిపోయాయి" అనే మాట ప్రతి వరదలోనూ వినిపిస్తుంది. భయం వల్ల, నిద్ర లేక పాలు దిగడం కొంతసేపు తగ్గుతుంది గానీ ఎండిపోవు. బిడ్డకు మాటిమాటికీ పట్టిస్తే మళ్లీ వస్తాయి. ఆ సమయంలో ఒక డబ్బా చేతికిస్తే బిడ్డ రొమ్ము పట్టడం తగ్గిస్తుంది, పాలు నిజంగానే తగ్గుతాయి. ఉచితంగా వచ్చిన డబ్బా పది రోజులకు అయిపోతుంది. తర్వాతి డబ్బా కొనేదెవరు? తల్లికి కావాల్సింది చాటున కూర్చోవడానికి ఒక దుప్పటి అడ్డు, తాగడానికి నీళ్లు, కడుపునిండా తిండి, "నీకు పాలున్నాయమ్మా, ఏం కాదు" అని చెప్పే ఒక అనుభవం ఉన్న ఆడమనిషి. ఇందులో ఒక్కటీ మా వ్యాన్‌లో లేదు.

తల్లి లేని బిడ్డలు, అప్పటికే డబ్బాపాల మీద ఉన్న బిడ్డలు ఉంటారు. వాళ్లకు పాలపొడి కావాల్సిందే. అది డాక్టరు చెప్పి, ఆసుపత్రి ద్వారా అందాలి. పట్టడానికి సీసా కంటే మన ఉగ్గుగిన్నె మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి చోట సీసా వద్దు, గిన్నెతో పట్టండి అనే చెప్తుంది. మూలలు లేని స్టీలు గిన్నె, వేడి నీళ్లు పోసి కడిగితే చాలు. అమ్మమ్మల పెట్టెల్లోంచి తీసి పారేశాం గానీ వరద కిట్‌లో పెట్టాల్సిన వస్తువు అదే.

పాత బట్టల గురించి. 2004 సునామీ తర్వాత నాగపట్నం రోడ్ల పక్కన పాత బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. అక్కడి మత్స్యకారులు ముట్టుకోలేదు. కష్టపడి సంపాదించి తిన్నవాళ్లకు ఎవరో విప్పేసిన చొక్కా వేసుకోవడం ఇష్టముండదు. మనకైనా అంతే కదా. మా వ్యాన్‌లో వెళ్లిన పాత చీరల్లో పట్టు చీరలు కూడా ఉన్నాయి, ఫాల్ ఊడిపోయినవి. ఎవరు పెట్టారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు. పొత్తిగుడ్డలకు మెత్తటి పాత నూలు చీర మంచిదే. కానీ ఉతికి ఎండబెట్టుకునే చోటు లేని ఇంటికి కొత్త నూలు తువ్వాళ్లు, మెత్తటి గుడ్డలు పంపడమే నయం.

అయినా సరుకులే పట్టుకెళ్తాం అంటే, వెళ్లే ముందు అక్కడి ఏఎన్ఎంనో అంగన్‌వాడీ టీచరునో అడిగి వెళ్లండి. సాధారణంగా వాళ్లు అడిగేవి: దోమతెర, శానిటరీ ప్యాడ్లు, నైటీలు, లోదుస్తులు, పిల్లలకు డయాపర్ల కంటే గుడ్డలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, మూతున్న బకెట్టు, ప్లాస్కు, టార్చి, వేరుశనగ చిక్కీలు, అరటిపళ్లు, ఉడికించిన గుడ్లు. ప్లాస్కు వింతగా అనిపించొచ్చు. రాత్రి రెండింటికి బాలింతకు ఉడుకు నీళ్లు కావాలంటే పొయ్యి లేని ఇంట్లో అదే దిక్కు.

నేరుగా డబ్బు

మొదటి వారం దాటాక, దుకాణాలు తెరిచాక, నేరుగా డబ్బు ఇవ్వడాన్ని మించింది లేదు. ఎవరికేం కావాలో వాళ్లకే తెలుసు. ఒకరికి బియ్యం కావాలి, ఒకరికి బిడ్డకు మందులు, ఒకరికి ఆటో రిపేరు. మనం పంపిన ఐదో దుప్పటి ఎవరికీ అక్కర్లేదు.

చిక్కల్లా ఎవరి నంబరుకు అన్న దగ్గరే. ఫోన్‌పే నంబరు అడిగితే భర్తదో, బావదో ఇస్తారు. అందరూ చెడ్డవాళ్లని కాదు, డబ్బు ఆ ఫోన్‌లో పడితే ఆ ఫోన్ వాళ్ల అవసరాలు ముందు గుర్తొస్తాయి. మాతృవందన పథకం కింద తొలికాన్పుకు 5,000 రూపాయలు తల్లి ఖాతాలోనే వేస్తారు. అందుకోసం చాలామంది అమ్మాయిలు గర్భం నిలిచాక తమ పేరున ఖాతా తెరిచి ఉంటారు. ఆ ఖాతా నంబరు అడగండి. పాస్‌బుక్ నీళ్లలో పోయినా ఆధార్‌తో బ్యాంకులో తెలుస్తుంది.

ఇంకొకటి. పంపాక ఫొటో అడగకండి. బిడ్డనెత్తుకుని చేతిలో కవరు పట్టుకున్న ఫొటో మీ గ్రూపులో నాలుగు రోజులు తిరుగుతుంది. ఆ అమ్మాయి అత్తగారి ఊరి గ్రూపులో మాత్రం నలభై రోజులు తిరుగుతుంది. "వచ్చిందక్కా" అన్న ఒక్క ఫోన్ చాలు.

ఈ దారి లోటేమిటో తెలిసిందే. మనకు తెలిసినవాళ్లకే అందుతుంది. మా పనిమనిషి చెల్లెలికి అందింది, ఆమె పక్కింటి అమ్మాయికి అందలేదు. అందుకే దీన్ని సంస్థకు బదులుగా కాకుండా, సంస్థకు ఇచ్చిన దానికి తోడుగా పెట్టుకోండి.

ఆన్‌లైన్ వేదికలు, విదేశాల నుంచి పంపేవాళ్లు

ఆన్‌లైన్ చందాల వేదికల్లో ఒక మనిషికో ఒక కుటుంబానికో పెద్ద ఆసుపత్రి ఖర్చు వస్తే ఉపయోగం. వరదకు నేను వాడను. కథ బాగా రాసినవాళ్లకు ఎక్కువ వస్తుంది, రాయలేనివాళ్లకు రాదు. కొన్ని చోట్ల టిప్ పేరుతో కొంత శాతం ముందే టిక్ పెట్టి ఉంటుంది. తీసేయొచ్చు, చూసుకోండి.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్లకు ఇంకో సంగతి తెలియాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారి ఓసీఐ కార్డు తీసుకున్నవాళ్లు పంపితే వస్తుంది. అప్పుడు ఆ సంస్థకు విదేశీ విరాళాలు తీసుకోవడానికి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో వాళ్లు దీని కోసం తెరిచిన ఖాతాకే వెళ్లాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ అలా వచ్చిన డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. కాబట్టి "పెద్ద సంస్థకు పంపుతాను, వాళ్లు మీ ఊళ్లోని చిన్న సంస్థకు ఇస్తారు" అనే లెక్క కుదరదు. చిన్న సంస్థలు చాలావాటికి ఆ అనుమతి ఉండదు. అలాంటప్పుడు ఇక్కడున్న అన్న, చెల్లెలు తమ డబ్బుతో ఇవ్వడమే దారి. మీ డబ్బును మొహమాటపెట్టి వాళ్ల ఖాతాలోంచి తిప్పకండి, వాళ్లకు ఇబ్బంది.

ఎప్పుడు, ఎంత

అందరూ మొదటి నాలుగు రోజుల్లోనే ఇస్తారు. టీవీలో పడవలు కనిపిస్తున్నంత కాలం చందాలు వస్తాయి. నీళ్లు తీసేశాక ఆగిపోతాయి. బాలింతకు కష్టం ఎక్కువయ్యేది అప్పుడే. గోడలు చెమ్మ, నేల మీద పడక, పొయ్యి రిపేరు. బిడ్డకు ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం టీకాలు ఉంటాయి. కార్డు నీళ్లలో పోయిందని తల్లి వెళ్లడం మానేస్తుంది. నిజానికి ఏఎన్ఎం దగ్గర, ఆన్‌లైన్‌లో వివరాలుంటాయి, కొత్త కార్డు రాసిస్తారు. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి, అవీ పోతాయి. అంగన్‌వాడీ కేంద్రంలోకీ నీళ్లొస్తే బాలామృతం సంచులు తడిసి పనికిరాకుండా పోతాయి. కేంద్రానికి ఒక గ్యాస్ స్టవ్, బరువు చూసే యంత్రం కొనిస్తే ఆ వీధిలో బాలింతలందరికీ ఇచ్చినట్టే. దీనికి పెద్ద పేరు రాదు, అందుకే ఎవరూ కొనరు.

పది వేలుంటే నేనిలా పంచుతాను. రెండు వేలు వెంటనే, పెద్ద సంస్థకు గానీ ముఖ్యమంత్రి నిధికి గానీ. ఐదు వేలు పదిహేను రోజులు ఆగి, వాకబు చేసి, ఊళ్లోని మహిళా సంస్థకు. మూడు వేలు మూడో నెలలో, తెలిసిన ఒక తల్లి ఖాతాకో అంగన్‌వాడీ కేంద్రానికో. వెయ్యే ఉంటే ముక్కలు చేయకుండా మహిళా సంస్థకే. లక్ష ఉంటే ఆ సంస్థను "ఒక కార్యకర్తను ఆరు నెలలు ఆ కాలనీలో పెట్టడానికి ఎంతవుతుంది?" అని అడిగి, ముందు దానికే ఇస్తాను.

పదిహేడేళ్ల తల్లి ఎవరైనా మీ కంటపడితే ఆమె పేరు ఏ లిస్టులోనూ రాయకండి, ఏ గ్రూపులోనూ పెట్టకండి. ఆమె మీద ఇంట్లో దౌర్జన్యం జరుగుతోందనిపిస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. తిండికి, వైద్యానికి అయితే ముందు ఆశా కార్యకర్తకు చెప్పండి.

మా ఇరవై డబ్బాల సంగతి మిగిలింది. పద్నాలుగింటిని దుకాణం వెనక్కి తీసుకుంది, ఆ డబ్బుతో తువ్వాళ్లు, ప్లాస్కులు కొని రెండోసారి పంపాం. మిగతా ఆరు డబ్బాలు ఒక అనాథ శిశువుల గృహానికి ఇచ్చాం. వాళ్లు కూడా తమ డాక్టరును అడిగి, గడువు తేదీ చూసి గానీ తీసుకోలేదు. పాలసీసాలు మాత్రం వాళ్లూ వద్దన్నారు. అవి ఇరవైయ్యీ మా అపార్ట్‌మెంట్ స్టోర్‌రూములో, వినాయకుడి మండపం సామాను పక్కన ఇంకా అలాగే ఉన్నాయి.